చెనిక్కాయ పాస్‌బుక్‌కి కాస్తుంది

చెనిక్కాయ, అదే వేరుశనగ, మట్టిలోకి ఊడ దిగి కాస్తుందని మనకు బళ్లో చెప్పారు. తప్పు. అది పట్టాదారు పాస్‌బుక్‌కి కాస్తుంది. పేరు ఎవరిదైతే వాళ్ల బ్యాంకు ఖాతాలోకే ఊడ దిగుతుంది. 2025 ఆగస్టులో అన్నదాత సుఖీభవ మొదటి విడత పడింది చూశారా, రాష్ట్రానివి 5 వేలు, పీఎం కిసాన్‌వి 2 వేలు, మొత్తం 7 వేలు? పలమనేరు పక్కన చేను, మెసేజ్ మోగింది మాత్రం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో, ఓనరమ్మ కొడుకు ఫ్లాట్‌లో, ఏడో అంతస్తులో. కొడుకు ఇన్‌కం ట్యాక్స్ కడతాడు కాబట్టి అనర్హుడు, ఆ విషయంలో రూలు చాలా కఠినం. భూమి అమ్మ పేరున ఉంది కాబట్టి ఆమె రైతు. పాపం ఆవిడ మంచి మనిషే, మనవణ్ణి చూసుకోవడానికి వెళ్లింది.

ఒక్కటే చిక్కు, చేను ఇక్కడుంది. కాబట్టి నా సలహా ఏమిటంటే, చేన్నే బాల్కనీకి మార్చేద్దాం. ఆ చేను గుత్తకు, అంటే కౌలుకు చేసే ఆయన మడక భుజాన వేసుకుని, కాడెద్దుల్ని తోలుకుని అపార్ట్‌మెంట్ గేటు దగ్గరికి వస్తాడు. సెక్యూరిటీ వాళ్లు ఏ ఫ్లాట్ అని అడిగి, ఎద్దుల పేర్లు కూడా రిజిస్టర్లో రాయించుకుని, సర్వీస్ లిఫ్ట్‌లో వెళ్లమంటారు. గులాబీ కుండీల మధ్య విత్తనం పడుతుంది. ఈ-క్రాప్‌లో పంట నమోదు చేసే ఫోటోకి అమ్మగారు కుండీ పక్కన నిలబడితే చాలు, లొకేషన్ కూడా కరెక్టుగా వస్తుంది. కాయ ఊరే టైముకి కౌండిన్య అడవి నుంచి ఏనుగులు బయల్దేరతాయి, వాటికి విజిటర్ పాస్ ఇవ్వాలి. అడవిపందుల్ని మాత్రం పెంపుడు జంతువుల రూలు కింద అసోసియేషన్ ఒప్పుకోదు, అదొక లాభం. తిరుపతి పరిశోధన స్థానం నారాయణి, ధరణి రకాలు ఇచ్చింది, ఇక బాల్కనీ రకం ఒకటి తీస్తే సరి. నూనెగింజల మిషన్‌కి కేంద్రం 10,103 కోట్లు పెట్టుకుంది, 2030-31 వరకు టైముంది, వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి దేశాలదే, కుండీలెన్ని ఉన్నా చాలవు.

గుత్త రైతుకూ దారి ఉంది కదా అంటారు ఆఫీసర్లు. ఉంది, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం. పదకొండు నెలల ఒప్పందం మీద ఓనరు సంతకం పెడితే గుత్త రైతుకు కార్డిస్తారు. పెట్టే ఓనర్ని నాకు చూపించండి! సంతకం పెడితే భూమి పోతుందని వాళ్ల భయం. ఆ భయానికి విలువిచ్చిన చట్టం, తొలకరికి అప్పు చేసి విత్తనం తెచ్చి, ఊడలు దిగే టైముకి వాన మొహం చాటేస్తే మొక్కల మధ్య నిలబడి ఏడ్చేవాడి భయానికి ఏం విలువిచ్చింది? కార్డు లేదు కాబట్టి బ్యాంకు పంట రుణం ఇవ్వదు. పీఎం కిసాన్ అయితే అసలు భూమి ఉన్న కుటుంబాలకే, కార్డున్నా అడగడానికి లేదు. రాత్రి మంచె మీద డబ్బా కొడుతూ ఏనుగుల్ని తోలేవాడు రైతు కాదట, సిగ్గుండాలి! వాడు ఉరేసుకున్నాక కూడా రైతు ఆత్మహత్యల్ని విచారించే త్రిసభ్య కమిటీ వచ్చి కాగితాలే అడుగుతుంది.

ఆ 7 వేలు చూసైనా అమ్మగారి కొడుకు గుత్త కాస్త తగ్గించి ఉంటాడనుకున్నారా? పెంచాడు. వైట్‌ఫీల్డ్‌లో మెయింటెనెన్స్ పెరిగిందట.