నాలుగు రోజుల్లో కజకిస్తాన్ అంతా చూడలేరు, జనవరిలో కారు అసలే వద్దు

చలికాలం సెలవులు దగ్గరపడగానే ‘నాలుగు రోజుల్లో కజకిస్తాన్ మొత్తం’ అన్న వాట్సాప్ సందేశం మళ్లీ బయలుదేరింది. బంధువులు పంపుతున్నారు, స్నేహితులు పంపుతున్నారు, వద్దని చెప్పినవారే వారం తిరక్కుండా మళ్లీ పంపుతున్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: వీసా అక్కర్లేదు, అల్మాటీలో దిగండి, పెద్ద అల్మాటీ సరస్సులో ఈత కొట్టండి, చారిన్ లోయ, కోల్సాయ్, కైండీ సరస్సులు ఒకే రోజులో చూసేయండి, తర్వాత కారు అద్దెకు తీసుకుని రాజధాని నూర్‌సుల్తాన్‌కు వెళ్లండి, దారిలో బైకనూర్ రాకెట్ కేంద్రం చూడండి, మిగతాదంతా ఖాళీ గడ్డి, ఏమీ లేదు.

వీసా మాట నిజమే. 2022 జూలై నుంచి మనవాళ్లు వీసా లేకుండా 14 రోజులు ఉండవచ్చు. రాజధాని పేరు మాత్రం 2022 సెప్టెంబరులోనే తిరిగి అస్తానా అయింది. గడియారం మనకంటే అరగంట ముందుంటుందని రాశారు. 2024 మార్చి 1 నుంచి దేశమంతటా ఒకే సమయం, అది మనకంటే అరగంట వెనక. పెద్ద అల్మాటీ సరస్సు నగరానికి తాగునీరిచ్చే సరస్సు. ఒడ్డుకు దిగనివ్వరు, ఈత సంగతి చెప్పనే అక్కర్లేదు. బైకనూర్ ఆ దారిలో లేదు, దేశానికి ఇంకో వైపున ఉంది. పైగా 2050 దాకా రష్యా లీజులో ఉన్న ఆ చోటికి విదేశీయులు వెళ్లాలంటే ఎన్నో వారాల ముందే అనుమతి తీసుకోవాలి. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ అంతరిక్షానికి బయలుదేరిన నేలను చూడాలని ఎవరికి ఉండదు? దారిలో టీ తాగడానికి ఆగినట్టు ఆగి చూసే చోటు కాదది.

మూడు చోట్లూ ఒకే రోజులో అన్నది పచ్చి అబద్ధం కాదు, అలా తిప్పేవాళ్లు ఉన్నారు. తెల్లవారకముందే ఎక్కించి అర్ధరాత్రికి దింపుతారు. చారిన్ 200 కిలోమీటర్లు, కోల్సాయ్ పక్కనున్న సాతీ గ్రామం దాదాపు 300. సాతీ నుంచి కైండీకి వెళ్లే చివరి దారి రాళ్లు, వాగులు. మామూలు కారు పోదు, పాత రష్యన్ వ్యాన్లలో ఎగిరెగిరి పడుతూ వెళ్లాలి. ఇంత దూరం వెళ్లి అరగంటలో ఏం చూస్తారు? 1911 భూకంపంలో కొండచరియ విరిగి లోయకు అడ్డం పడితే నీళ్లు నిలిచి ఏర్పడిన సరస్సు అది. మునిగిపోయిన స్ప్రూస్ చెట్ల కాండాలు నీటిపైన మోడులై, తెల్లబారి నిలబడి ఉంటాయి. నీటి కింద మాత్రం ఆ చలికి కుళ్లకుండా కొమ్మలకు సూదుల్లాంటి ఆకులు ఇంకా అంటుకునే ఉన్నాయి. సాతీలో ఎవరింట్లోనైనా ఒక రాత్రి ఉండి, పొద్దున్నే గాలి లేచేలోపు వెళితే నీళ్లలోకి చూపు దిగుతుంది. ఒక్క రాత్రి ఉండమని చెప్పడానికి అంత కష్టమేమిటి?

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన వాక్యం: ‘జనవరిలో అద్దెలు తక్కువ, మీరే నడుపుకుంటూ వెళ్లండి, రోడ్డు తిన్నగా ఉంటుంది, పది గంటల్లో రాజధాని.’ అల్మాటీ నుంచి అస్తానాకు రోడ్డు మీద దాదాపు 1,200 కిలోమీటర్లు. ఉత్తరానికి పోయేకొద్దీ జనవరిలో మైనస్ 30 డిగ్రీలు వింతేమీ కాదు. చలి ఒక్కటే అయితే హీటరుతో నెట్టుకురావచ్చు. అక్కడ ప్రాణాలు తీసేది గాలి. అడ్డుకునే చెట్టూ గుట్టా లేని మైదానంలో గాలి లేచిందంటే నేల మీద పడి ఉన్న మంచునంతా ఎత్తి విసురుతుంది. దాన్ని బురాన్ అంటారు. ఆకాశం నుంచి కొత్త మంచు పడక్కర్లేదు. చూస్తూ ఉండగానే ముందున్న వాహనం మాయమవుతుంది, రోడ్డేదో మైదానమేదో తెలియదు.

బండి మంచులో కూరుకుపోయాక ఎవరైనా ఏం చేస్తారు? వెచ్చదనం కోసం ఇంజను ఆపకుండా కూర్చుంటారు. వెనక పొగగొట్టం మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్ర వస్తున్నట్టే ఉంటుంది. సాయం కోసం దిగి నడిస్తే పది గజాల్లో దారి తప్పుతారు. అందుకే బండి వదలకూడదు, పొగగొట్టం చుట్టూ మంచు తీస్తూ ఉండాలి, 112కు ఫోను చేయాలి. బురాన్ వస్తోందంటే అధికారులు రహదారినే మూసేస్తారు. అక్కడే పుట్టి పెరిగినవారినే ఆపేసే దారిలోకి, మంచు మీద ఒక్కసారైనా బ్రేకు వేసి ఎరగనివారిని, వెనక సీట్లో పిల్లలతో సహా వెళ్లమంటున్నారు! అద్దెలో నాలుగు డబ్బులు మిగులుతాయని! ఈ వాక్యం రాసినవారు తమ పిల్లలను అలా పంపుతారా? పంపరు. మరి ఇతరుల పిల్లలంటే ఇంత చులకనా?

రైలుంది. సాయంత్రం అల్మాటీలో టాల్గో ఎక్కితే తెల్లవారి అస్తానాలో దిగుతారు. విమానమైతే రెండు గంటలు కూడా పట్టదు. ఇవేవీ ఆ సందేశంలో లేవు.

ఇక ఆ ‘ఖాళీ గడ్డి’. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినంత నేల దాదాపు పది సార్లు పట్టే దేశం అది. జనం రెండు కోట్లు. అంతమాత్రాన ఖాళీయేనా? ఆ రోడ్డు పక్కనే బల్ఖాష్ సరస్సు ఉంది: పడమటి సగం మంచినీళ్లు, తూర్పు సగం ఉప్పునీళ్లు. అస్తానాకు నైరుతిన కొర్గల్జిన్ సరస్సుల్లో వేసవిలో ఫ్లెమింగోలు గూళ్లు కడతాయి, మన పులికాట్‌లో కనిపించే జాతే. దక్షిణాన తుర్కిస్తాన్ నగరంలో తైమూరు కట్టించడం మొదలుపెట్టి, పూర్తికాకుండా వదిలేసిన సూఫీ గురువు ఖోజా అహ్మద్ యసావీ సమాధి మందిరం ఉంది. ముఖద్వారపు గోడల్లో ఆనాటి పరంజా కర్రలు ఈనాటికీ పొడుచుకుని కనిపిస్తాయి. లోపల 1399లో పోతపోసిన రెండు టన్నుల కంచు కొప్పెర. పడమట కాస్పియన్ వైపు మంగిస్తావ్‌లో బొజ్జిరా సుద్దకొండలు. 2015లో కొన్ని వారాల్లోనే రెండు లక్షలకు పైగా సైగా జింకలు చచ్చిపోయిన మైదానాల్లో ఇప్పుడు మళ్లీ వాటి మందలు తిరుగుతున్నాయి. ఇంత ఉండగా ‘ఏమీ లేదు’ అని రాయడానికి చేతులెలా వచ్చాయి?

ఆ నేలను ఖాళీ అనుకున్నవారు ఇంతకుముందూ ఉన్నారు. సెమెయ్ నగరం దగ్గర గడ్డిమైదానంలో 1949 నుంచి 1989 దాకా సోవియట్ ప్రభుత్వం 456 అణుపరీక్షలు జరిపింది. చుట్టుపక్కల ఊళ్లున్నాయి, పశువులను మేపుకునే మనుషులున్నారు. వారి బిడ్డలూ మనవలూ ఆ రేడియేషన్ తెచ్చిన జబ్బులను ఇప్పటికీ మోస్తున్నారు. జనం ఎదురు తిరిగాకే, 1991 ఆగస్టు 29న ఆ పరీక్షా స్థలం మూతపడింది. అస్తానా శివార్లలో, భర్తల మీద దేశద్రోహి ముద్ర పడిందన్న నేరానికి ఆడవాళ్లను స్టాలిన్ కాలంలో బంధించిన అల్జీర్ శిబిరం స్థలంలో ఇప్పుడు మ్యూజియం ఉంది. అది చూసి వచ్చినవారు ఆ గడ్డిని ఖాళీ అనలేరు.

ఒక విషయంలో ఆ సందేశంతో నాకు పేచీ లేదు. చేతిలో ఉన్నవి నాలుగే రోజులైతే, వెంట పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే, అల్మాటీలో దిగమనడం సరైనదే. అస్తానా కూడా మానేయండి. మంచు చూడాలనుకునేవారికి జనవరే మంచి నెల: 1,691 మీటర్ల ఎత్తున మెదెయు స్కేటింగ్ మైదానం, దాని పైన షింబులాక్ మంచువాలులు, ఊళ్లో 1911 భూకంపాన్ని తట్టుకుని నిలిచిన జెన్కోవ్ చెక్క చర్చి. నాలుగు రోజులు హాయిగా గడిచిపోతాయి. దాన్ని అల్మాటీ యాత్ర అని చెప్పుకోండి, అంతే.

సెమెయ్‌లో, కరగాందాలో వైద్యం చదువుతున్న మన పిల్లల తల్లిదండ్రులకు ఇంకో మాట. ‘అల్మాటీలో దిగితే అన్నీ దగ్గరే’ అన్న వాక్యం నమ్మి టికెట్లు తీసుకోకండి. అల్మాటీ నుంచి సెమెయ్ 1,000 కిలోమీటర్ల పైమాటే. సాయంత్రానికి పిల్లవాడిని చూసి రాత్రికి హోటలుకు తిరిగి రావడం కుదరదు. రైలుకైనా విమానానికైనా విడిగా టికెట్ తీసుకుని, రానూపోనూ ప్రయాణానికే రెండు రోజులు పక్కన పెట్టుకోండి.