ప్యాకార్డ్‌ను ముంచింది చవక కారు కాదు

అమెరికాలో లగ్జరీ కారు అనగానే క్యాడిలాక్ పేరు చెప్పే రోజులు రాకముందు ఆ గౌరవం ప్యాకార్డ్‌ది. ఆ కంపెనీ ఎందుకు పోయిందని అడిగితే, 1935లో చవక కారు తెచ్చి పరువు తీసుకుందని పాత కార్ల అభిమానులు చాలామంది తేల్చేస్తారు. ఈ తీర్పు అన్యాయమని నా నమ్మకం.

ఒహాయోలోని వారెన్ పట్టణంలో కరెంటు బల్బులు తయారుచేసే జేమ్స్ వార్డ్ ప్యాకార్డ్ ఒక వింటన్ కారు కొన్నాడు. అది మాటిమాటికీ మొరాయించడంతో 1899లో అన్న విలియమ్‌తో కలిసి సొంతంగా కారు చేశాడు. డెట్రాయిట్ వ్యాపారి హెన్రీ జాయ్ డబ్బు పెట్టాక 1903లో కంపెనీ డెట్రాయిట్‌కు మారింది. ‘కారు ఉన్నాయన్నే అడగండి’ అన్నది వాళ్ల ప్రకటన. సరుకు మీద అంత ధీమా. 1915లో పన్నెండు సిలిండర్ల ట్విన్ సిక్స్ వచ్చింది. 1921లో అమెరికా అధ్యక్షుడు వారెన్ హార్డింగ్ ప్రమాణ స్వీకారానికి వెళ్లింది అందులోనే. అంతకుముందు ఏ అధ్యక్షుడూ ఆ కార్యక్రమానికి కారులో వెళ్లలేదు.

ఆర్థిక మాంద్యం వచ్చేసరికి ఖరీదైన కార్లు కొనేవాళ్లే కరువయ్యారు. పీర్‌లెస్, మార్మన్, పియర్స్ యారో ఒకదాని వెనుక ఒకటి కార్ల తయారీ ఆపేశాయి. ప్యాకార్డ్ మాత్రం వెయ్యి డాలర్ల లోపు మొదలయ్యే వన్ ట్వంటీని 1935లో తెచ్చి నిలబడింది. ఆ కారే లేకపోతే ప్యాకార్డ్ కథ కూడా ఆ దశాబ్దంలోనే ముగిసేది. ప్రాణం పోసిన కారును హంతకి అనడం ఏం న్యాయం?

తప్పు జరిగింది ఆ తర్వాత. క్యాడిలాక్ యజమాని జనరల్ మోటార్స్ దానికంటే చవకైన కారుకు లసాల్ అని వేరే పేరు పెట్టి, క్యాడిలాక్ పేరును పైమెట్టు మీదే ఉంచింది. ప్యాకార్డ్ అన్నిటికీ ఒకే పేరు వాడింది. రెండో ప్రపంచ యుద్ధంలో యాభై ఐదు వేలకు పైగా మెర్లిన్ విమాన ఇంజిన్లు చేసి, చేతిలో డబ్బుతోనే బయటపడింది. అప్పుడు జనం ఏ కారు వచ్చినా కొనే ఊపులో ఉన్నారు. పైమెట్టును తిరిగి దక్కించుకోవడానికి అంతకు మించిన అదను ఉండదు. అయినా మధ్యతరగతి కార్ల మీదే దృష్టి పెట్టింది. క్యాడిలాక్ 1949లోనే కొత్త వి8 ఇంజిన్ (వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లు ఉండేది) తెస్తే, ప్యాకార్డ్‌కు అది 1955 దాకా రాలేదు. ఇంజినీర్లకు కొదవలేని కంపెనీ ఇంత ఆలస్యం చేయడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఈలోగా ప్యాకార్డ్‌కు బాడీలు చేసిచ్చే బ్రిగ్స్ కంపెనీని 1953లో పోటీ కార్ల కంపెనీ క్రైస్లర్ కొనేసింది. ప్యాకార్డ్ ఇరుకైన ఫ్యాక్టరీలో హడావుడిగా బాడీలు మొదలుపెట్టాల్సి వచ్చింది. 1955 మోడల్‌లో సస్పెన్షన్ అద్భుతం, కానీ కూర్పులో లోపాలు. పేరు నిలబెట్టిన నాణ్యతే అక్కడ జారిపోయింది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ 1954లో మరో కార్ల కంపెనీ స్టూడిబేకర్‌ను కొనడం. ఆ కంపెనీ ఎంత నష్టాల్లో ఉందో లెక్కలు లోతుగా చూడకుండానే నెత్తిన పెట్టుకున్నారు. రెండేళ్లు తిరక్కముందే, 1956 జూన్‌లో, డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ తయారీ ఆగిపోయింది. తర్వాతి రెండేళ్లు స్టూడిబేకర్ సొంతూరు సౌత్ బెండ్‌లో తయారైన స్టూడిబేకర్లకే ప్యాకార్డ్ పేరు తగిలించి అమ్మారు. ఆఖరి ఏడాది 1958లో అలాంటివి మూడు వేలు కూడా తయారు కాలేదు.