శిక్షణ లెక్కలు సరే, తరగతిలో ఏం మారింది?

టీచర్ల శిక్షణ మీద ఏ నివేదిక తిరగేసినా అంకెలే. 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ టీచర్ల శిక్షణ కార్యక్రమం ‘నిష్ఠ’ 42 లక్షల మందికి శిక్షణ ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. 2020 జాతీయ విద్యావిధానం టీచర్లకు ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది. ఎవరు కోర్సు పూర్తిచేశారో ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘దీక్ష’ పోర్టల్ చెబుతుంది. తిరిగి బడికి వెళ్లాక పాఠం చెప్పే తీరు మారిందా అంటే అందులో జవాబు దొరకదు.

విద్యా పరిశోధన కూడా ఇదే దారిలో నడుస్తోంది. ఎం.ఎడ్. డిసర్టేషన్లు చాలావరకు ఒకే మూస: ఏదో ఒక అంశంపై ఉపాధ్యాయుల వైఖరి, ఒక ప్రశ్నావళి, ఆడ-మగ తేడా, పల్లె-పట్నం తేడా, ఆ తేడాలు లెక్కలోకి తీసుకోదగ్గవేనా అని చూసే టీ-టెస్ట్. తరగతి గది మాత్రం ఉండదు.

నాలుగో తరగతి పిల్ల 42లోంచి 17 తీసేసి 35 అని రాసిందనుకుందాం. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసింది. టీచరు ఇంటూ కొట్టి ‘మళ్లీ చెయ్యి’ అనవచ్చు. లేదా ‘ఎలా చేశావో చెప్పమ్మా’ అని పక్కన కూర్చోవచ్చు. శిక్షణ ఫలించిందో లేదో తేలేది ఆ అర నిమిషంలోనే. ‘తరగతి చురుగ్గా ఉందా: అవును/కాదు’ అనే చెక్‌లిస్టుకు అది చిక్కదు. వెనక బెంచీలో రోజుల తరబడి కూర్చుని, మాట మాటా రాసుకుని, సాయంత్రం ‘అప్పుడు అలా ఎందుకు అడిగారు మేడం?’ అని తీరిగ్గా మాట్లాడితేనే దొరుకుతుంది. గుణాత్మక పరిశోధన చేసే పని ఇదే.

గణితం, సైన్సుల్లో దేశాలను పోల్చి చూసే టిమ్స్ సర్వేలో భాగంగా 1995లో జరిగిన వీడియో అధ్యయనంలో జర్మనీ, జపాన్, అమెరికాల్లో 231 ఎనిమిదో తరగతి గణిత పాఠాలను చిత్రీకరించారు. కొత్త పద్ధతులు పాటిస్తున్నామని అమెరికా టీచర్లలో ఎక్కువమంది ప్రశ్నావళిలో రాశారు. వీడియోల్లో అవి పెద్దగా కనిపించలేదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. పిల్లల్ని గ్రూపులుగా కూర్చోబెట్టడం, వస్తువులు వాడటం లాంటివే కొత్త పద్ధతి అని చాలామంది అనుకున్నారు.

ఒక బడిని చూసి రాష్ట్రమంతటికీ ఎలా చెబుతారని అడుగుతారు. చెప్పలేం. ఎంతమంది మారారో తేల్చడానికి సర్వేలు కావాల్సిందే. కానీ ఒకే టీచరు మూడు తరగతుల్ని కలిపి కూర్చోబెట్టుకునే బడిలో, ఒక్కో తరగతికీ విడిగా రాసిన శిక్షణ పాఠం (మాడ్యూల్) ఎక్కడ ఆగిపోతుందో అక్కడ కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

అసలు చిక్కు నమ్మకం దగ్గరే. నోట్‌బుక్ పట్టుకుని తరగతిలోకి ఎవరొచ్చినా మన టీచర్లకు తనిఖీ అధికారిలాగే కనిపిస్తారు. టెన్షన్‌తో డెమో పాఠం చెప్పేస్తారు. అందుకే రాసుకున్నది ముందు ఆ టీచరుకే చూపించాలి. మండల విద్యాధికారి (ఎంఈఓ) దాకా వెళ్లదని మాట ఇచ్చి, నిలబెట్టుకోవాలి. టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థల (డైట్) లెక్చరర్లు ఒక్కొక్కరూ దగ్గర్లోని ఒక బడిని ఏడాదిపాటు అంటిపెట్టుకుంటే ఇది అయ్యే పనే. తర్వాతి మాడ్యూల్ రాసేవాళ్లు, పేర్లు తీసేసిన ఆ నోట్సు ముందు పెట్టుకోవాలి. ఆ టీచర్లలో కొందరికి రాసే బృందంలోనూ చోటివ్వాలి.