ముందు వరుసకు ఉగాది పచ్చడి

'గ్లీ' అనే అమెరికా టీవీ సీరియల్ చూసినవాళ్ళకు లైమా అనే ఊరు గుర్తుండే ఉంటుంది. కథంతా ఆ ఊరి హైస్కూల్లోని పాటల బృందం చుట్టూనే నడుస్తుంది. షూటింగ్ మాత్రం లాస్ ఏంజెలెస్‌లో చేశారనుకోండి, అది వేరే సంగతి. ఒహాయో రాష్ట్రంలో లైమా నిజంగానే ఉంది. మేముండే కొలంబస్ నుంచి కారులో గంటన్నర. పక్క ఊరి కథ టీవీలో వస్తోందంటే ఎవరికి మాత్రం ఆసక్తి ఉండదు? 2011 నాటికి మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో మంగళవారం రాత్రి ఎనిమిదయ్యేసరికి పిల్లలందరూ ఫాక్స్ చానెల్ ముందు చేరిపోయేవాళ్ళు. హోంవర్కు అయిందా అని అడిగితే "అయిపోయింది" అనే అబద్ధం కూడా కోరస్‌లోనే వచ్చేది.

ఆ చలికాలం మా అమ్మ మా దగ్గరే ఉంది. కొన్నాళ్ళు పిల్లలతో కూర్చుని చూసి, "వీళ్ళు ఎప్పుడూ ఎవరో పాడిన పాటలే పాడతారేమిట్రా? అరువు నగలు పెట్టుకుని పేరంటానికి వెళ్ళినట్టు. సొంతపాట ఒక్కటీ లేదా?" అంది. అడగాల్సిన ప్రశ్నే. ఆ ఫిబ్రవరికి ఈ సీరియల్ బృందం అమెరికాలో వారం వారం వచ్చే హిట్ పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో, గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ 108 పాటల రికార్డును కూడా దాటేసింది. దాటిందంతా దాదాపు పరాయి పాటలతోనే.

మా అమ్మ మాట లాస్ ఏంజెలెస్ దాకా వినబడిందేమో, మార్చి 15న 'ఒరిజినల్ సాంగ్' అనే పేరుతోనే ఒక ఎపిసోడ్ వచ్చింది. పాటల పోటీకి సొంతపాట రాసుకుందామని పిల్లలు నిర్ణయించుకుంటారు. హీరోయిన్ రేచల్ అంతకుముందే తన హెడ్‌బ్యాండ్ మీద ఒక పాట కట్టి ఉంది. ఈసారి శాంటానా అనే అమ్మాయి బాయ్‌ఫ్రెండ్ పెద్ద పెదాల మీద ఒకటి కడుతుంది. చివరికి, బళ్ళో తమకు జరిగిన అవమానాల మీదే రాద్దామనుకుంటారు. ఆ బళ్ళో అవమానమంటే ముఖ్యంగా స్లషీ. ఐసు పొడిలో రంగు సిరప్ కలిపిన పెద్ద గ్లాసు తెచ్చి మొహాన కొట్టడం. అలా పుట్టింది 'లూజర్ లైక్ మీ'. ఇవాళ నన్ను చూసి నవ్వేవాళ్ళు రేపు నాలా ఉంటే బాగుండునని ఏడుస్తారు అని దాని భావం. పోటీలో పాడి, ఆఖర్న ప్రేక్షకుల మీదికి స్లషీ గ్లాసులు విసురుతారు. జనం హడలిపోతారు, తీరా చూస్తే వాటిలో ఉన్నవి ఎర్ర కాగితం ముక్కలు. పోటీ గెలుస్తారు. పాట హాట్ 100లో 6వ స్థానం దాకా వెళ్ళింది.

కథలో క్లాసు పిల్లలే కూర్చుని రాసేసినట్టు చూపించారు గానీ, అసలు ఆ పాట రాయడానికి ఐదుగురు పెద్దమనుషులు కావలసి వచ్చారు: మాక్స్ మార్టిన్, షెల్‌బాక్, ఆడమ్ ఆండర్స్, పేర్ ఆస్ట్రమ్, సవన్ కొటేచా. ఈ చివరి పేరు మనసులో ఉంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఆ ఏడాది ఉగాది ఏప్రిల్ 4న, సోమవారం వచ్చింది. అమెరికాలో పండగలన్నీ శనివారమే వస్తాయి గనుక మా తెలుగు సంఘం తర్వాతి శనివారం ఒక స్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకుంది. మా అమ్మాయి, దాని స్నేహితులు కలిసి పన్నెండు మంది 'లూజర్ లైక్ మీ' డాన్సు వేస్తామని దరఖాస్తు పెట్టారు. దరఖాస్తులో పాట, చిత్రం, గానం, సంగీతం అని గళ్ళుంటాయి. చిత్రం దగ్గర మా అమ్మాయి 'లేదు' అని రాసింది. సాంస్కృతిక కార్యదర్శి గారు రాత్రి పదింటికి నాకు ఫోన్ చేశారు.

"చిత్రం లేదంటే ఎలాగండీ? ఆడియో రిలీజై ఆగిపోయిందా?"

కమిటీ మీటింగు ఒకరింటి బేస్‌మెంట్‌లో, మిరపకాయ బజ్జీల సమక్షంలో జరిగింది. అధ్యక్షులవారికి పాట పేరే నచ్చలేదు. "ఏడాది మొదట్లో ఓడిపోయినవాళ్ళ పాటేమిటండీ, అపశకునం కాదూ?" అన్నారు. భావం వివరించాను. "అంటే చివరికి గెలుస్తారా?" అని అడిగారు. గెలుస్తారన్నాను. "అయితే చివర్నించే మొదలెట్టమనండి" అన్నారు.

అప్పుడు నా దగ్గరున్న ఒకే ఒక్క ముక్క తీశాను. రాసినవాళ్ళలో సవన్ కొటేచా అని ఒకాయన ఉన్నాడు, అమెరికాలోనే పుట్టాడు గానీ మూలాలు ఇండియావే అని చెప్పాను. గదిలో గాలి మారిపోయింది. "మనవాడా!" అన్నారు ఇద్దరు ముగ్గురు. "ఇంటిపేరు చూస్తే గుజరాతీలా ఉందే" అని కోశాధికారి గారు సందేహపడ్డారు గానీ, బజ్జీ నోట్లో ఉండడంతో ఎవరికీ సరిగ్గా వినబడలేదు. పాట పాసైపోయింది. కార్యక్రమం కాగితం మీద మాత్రం లూజర్ అనే మాట రాకుండా 'పాశ్చాత్య నృత్యం, చిన్నారులు' అని వేశారు. ఆ చిన్నారుల్లో ఇద్దరికి అప్పటికే డ్రైవింగ్ లైసెన్సుంది.

రిహార్సల్స్ మా ఇంట్లోనే. అమెరికా పిల్లలు ఎవరినైనా లూజర్ అని ఏడిపించాలంటే బొటనవేలు, చూపుడువేలు చాచి 'ఎల్' ఆకారంలో నుదుటి మీద పెట్టుకుంటారు. డాన్సులో అది పదిసార్లు వస్తుంది. మా అమ్మ సోఫాలో కూర్చుని చూసి, అది ఇక్కడి నమస్కారం కాబోలు అనుకుంది. ఎవరూ కాదనలేదు. పిల్లలకు నవ్వు సరిపోయింది, మా ఆవిడకు వంట సరిపోయింది. రెండో రోజు నుంచి మా అమ్మ ఉత్తరాలు తెచ్చే పోస్టుమ్యాన్‌కు కిటికీలోంచి నుదుటి మీద ఎల్ పెట్టి చూపించడం మొదలెట్టింది. పాపం ఆయన ఏమనుకున్నాడో గానీ, మా బిల్లులు మాత్రం టైముకే వచ్చాయి.

ఇక పచ్చడి. గుంటూరు వైపు వాళ్ళకు ఉగాది పచ్చడి అంటే చిక్కగా, అరచేతిలో వేస్తే నాలికతో అందుకునేలా ఉండాలి. నిజామాబాద్ అక్కయ్య ఒకావిడ ఉన్నారు మా సంఘంలో, వంటలో ఆవిడకు ఎదురులేదు. ఆవిడ లెక్క వేరు. "ఉగాది పచ్చడంటే గ్లాసుల పోసుకొని తాగుడే. చెంచాతోటి నాకుడేంది?" అంటారు. కొత్త చింతపండు పులుసు, బెల్లం, మామిడికాయ తురుము, వేపపువ్వు, అన్నీ కలిపి పల్చగా కుండ నిండా చేస్తారు. ఆ ఏడాది హైదరాబాద్‌లో రాష్ట్రం గొడవ ఎంత వేడి మీద ఉందో తెలిసిందే. అలాంటి సమయంలో ఈ రెండు పచ్చళ్ళనూ ఒకే గిన్నెలో కలపండి అనే ధైర్యం మా కమిటీలో ఎవరికీ లేదు. రెండూ చేయించారు.

శనివారం హాలు నిండింది. ముందు పంచాంగ శ్రవణం. ఖర నామ సంవత్సరంలో ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని గుడి నుంచి వచ్చిన పూజారి గారు చదువుతున్నారు. మా అమ్మాయి నా చెవిలో, "నాన్నా, అవమానం అంటే లూజర్ స్కోరా?" అంది. ఆలోచిస్తే అంతే కదా! అమెరికావాళ్ళు ఈ విషయం మీద ఒక పాట రాయించి ఊరుకున్నారు, మనం ఏటా రాశులవారీగా అంకెలేసి అచ్చు వేస్తున్నాం. అధ్యక్షులవారి రాశికి రాజపూజ్యం తక్కువ, అవమానం ఎక్కువ అని వచ్చింది. ఆయన పట్టు పంచె సవరించుకుంటూ నవ్వారు. పక్కనే ముఖ్య అతిథి, స్థానిక అమెరికన్ పెద్దమనిషి, ఆయన కూడా మర్యాదకు నవ్వారు. జీవితంలోని చేదు, తీపి, పులుపు అన్నీ సమానంగా స్వీకరించడమే మా పండగ అని అధ్యక్షులవారు ఆయనకు అప్పుడే వివరించి ఉన్నారు.

పిల్లలు స్టేజీ వెనక బల్ల మీద పన్నెండు పెద్ద గ్లాసులు సిద్ధం చేసుకున్నారు. ఎర్ర క్రేప్ కాగితాన్ని రెండు సాయంత్రాలు కూర్చుని గోరంత ముక్కలుగా కత్తిరించి నింపారు. ముక్కలు ఎగిరిపోకుండా పైన టిష్యూ కప్పారు. పాశ్చాత్య నృత్యం అయిన వెంటనే ముందు వరుసలోని అతిథులకు పచ్చడి ఇవ్వాలి. వాలంటీర్లు తెచ్చినవేమో మందు గుటకకు సరిపోయే చిట్టి కప్పులు. అక్కయ్యకు ఒళ్ళు మండింది. చుట్టూ చూస్తే ఈ గ్లాసులు కనిపించాయి. "గింత మంచి గ్లాసులల్ల ఎవలో చెత్తేసిండ్రు" అని ముక్కల్ని డబ్బాలో దులిపి, కడిగి, పచ్చడి పోసి, దుమ్ము పడకుండా మళ్ళీ టిష్యూ కప్పారు. అలా ఏడు గ్లాసులు అయ్యేసరికి ఎవరో గ్రూపు ఫోటోకి పిలిచారు. మిగిలిన ఐదింటిలో కాగితాలు కాగితాల్లాగే ఉండిపోయాయి. ఈ వివరమంతా తర్వాత విచారణలో తేలింది.

వ్యాఖ్యాత మైకు తీసుకుని, "మన భారతీయ సంగీత దర్శకుడు స్వరపరచి, అమెరికాను ఉర్రూతలూగించిన గీతం" అని ప్రకటించారు. మిగతా నలుగురినీ ఒక్క మాటతో మాయం చేసేశారు. డాన్సు బ్రహ్మాండంగా మొదలైంది. పిల్లలు నుదుటి మీద ఎల్ పెట్టినప్పుడు మా అమ్మ లేచి నిలబడి తిరిగి ఎల్ పెట్టింది. పెద్దావిడ లేచేసరికి ముందు వరుసంతా లేచి అదే చేసింది. మా ఫోటోగ్రాఫర్ సరిగ్గా అప్పుడే నొక్కాడు. సంఘం ప్రముఖులు పదకొండు మంది వరుసగా నిలబడి తమను తాము లూజర్లుగా ప్రకటించుకుంటున్న ఆ ఫోటో ఆ ఏటి సంచికకు ముఖచిత్రమైంది.

చివరి పల్లవికి పిల్లలు తెర వెనక్కి పరుగెత్తి, గ్లాసులు పట్టుకుని, ఒక్క గెంతులో స్టేజీ అంచుకు వచ్చి, టిష్యూలు లాగి విసిరారు. బరువు తేడా తెలియలేదా అని తర్వాత అడిగితే, "అమ్మ ఇంకా కాగితాలు వేసిందనుకున్నాం" అన్నారు.

ముందు ఏడు గ్లాసుల పచ్చడి వెళ్ళింది. దాని వెనకాలే, అర సెకను తేడాతో, ఐదు గ్లాసుల కాగితాలు వెళ్ళాయి. పచ్చడి పడ్డచోటల్లా కాగితం అతుక్కుంది. క్రేప్ కాగితానికి తడి తగిలితే రంగు వదులుతుందని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. అధ్యక్షులవారి కుడి కనుబొమ మీద మామిడి తురుము, ఎడమ చెవి మీద వేపపువ్వు. పట్టు పంచె మీద ఎర్రటి చారలు మెల్లగా కిందికి పాకుతున్నాయి. కోశాధికారి గారి జేబులోని చందా రసీదుల పుస్తకం బెల్లంతో మూసుకుపోయింది.

ముఖ్య అతిథి మాత్రం చలించలేదు. అన్ని రుచులూ సమానంగా స్వీకరించడమంటే ఇదన్నమాట అనుకున్నట్టున్నారు. బుగ్గ మీది పచ్చడిని వేలితో తీసి, నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "వెరీ పవర్‌ఫుల్ ట్రెడిషన్" అని రెండు చేతులూ జోడించారు. హాలంతా చప్పట్లు.

అధ్యక్షులవారు పెదవి తడుముకుని, చేతిలో మైకు ఆన్‌లో ఉన్న సంగతి మరిచి, "ఇది చెంచా పచ్చడి కాదు, గ్లాసు పచ్చడి" అన్నారు. దాంతో తెర వెనకనుంచి అక్కయ్య, "అయ్యో నా పచ్చడంత ఒలకబోసిండ్రు!" అంటూ స్టేజీ మీదికే వచ్చేశారు. రెండో వరుసలోంచి గుంటూరు పిన్నిగారు తృప్తిగా, "అందుకే చెప్పేది పచ్చడి చిక్కగా ఉండాలని. మాదైతే గ్లాసు బోర్లించినా కదలదు" అన్నారు. అక్కడినుంచి పిల్లల సంగతి అందరూ మరిచిపోయారు. చర్చ పచ్చడి మీదికి మళ్ళి, భోజనాల దాకా సాగింది. పూజారి గారు పులిహోర ప్లేటుతో అధ్యక్షులవారి పక్కన కూర్చుని, "అవమానం అంకెలో ఒకటి ఇవాళే చెల్లిపోయిందనుకోండి" అని ఓదార్చారు.

తర్వాతి మీటింగులో డ్రైక్లీనింగ్ బిల్లులు ఏ పద్దులో రాయాలన్న సమస్య వచ్చింది. సాంస్కృతికం పద్దులో డబ్బు లేదు. భోజనం పద్దులో రాస్తే అక్కయ్య ఒప్పుకోలేదు, "తిన్నదేంది, పారబోసినదేంది, లెక్క తెల్వదా?" అన్నారు. అలంకరణ కింద రాద్దామంటే అధ్యక్షులవారికి కోపం వచ్చింది. గంటసేపు తర్జనభర్జన పడ్డాక కోశాధికారి గారు బెల్లం మరకల రసీదు పుస్తకం తెరిచి, 'అతిథి సత్కారం' కింద వేసేశారు.