లిగమెంట్లు తెగాయని ఏ స్కానింగ్ చెప్పింది?

తిరుపతిలో మా వీధి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. గర్భసంచి జారిందంటే దాన్ని పట్టుకున్న లిగమెంట్లు తెగినట్టేనట. పొట్ట స్కానింగ్‌లో అది కనిపిస్తుందట, నార్మల్ వస్తే జబ్బే లేదట. తెగినవి అతకవు కాబట్టి సంచి తీయించుకోవాలట, కొండ మెట్లు ఎక్కకూడదట. చంద్రగిరిలో మా పెద్దమ్మ అది చదివి ఫోన్ చేసింది: "ఇంగ తీసేయల్లంట కదా పాపా?"

మొదటి తప్పు "తెగడం" అన్న మాటలోనే ఉంది. ఈ లిగమెంట్లు చేంతాళ్లు కావు. గర్భసంచి మెడ దగ్గర మొదలై వెనక త్రికాస్థి (నడుము కింది ఎముక) వైపు, పక్కలకు కటి గోడల వైపు విసనకర్రలా పరుచుకున్న కణజాలం అది. అందులో నరాలు, రక్తనాళాలు, కండర పోగులు కలిసి ఉంటాయి. కాన్పులు, వయసు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, బరువులెత్తడం వల్ల ఆధారం సాగుతుంది. కింద ఆనించే కండరం దెబ్బతింటే, పీట తీసేశాక బరువంతా ఉట్టి తాడు మీద పడ్డట్టే.

ఇక స్కానింగ్. నీళ్లు తాగించి, పడుకోబెట్టి, పొట్ట మీద చేసేది గడ్డలు, అండాశయాలు చూడటానికి పనికొస్తుంది. జారినది పడుకుంటే వెనక్కి పోతుంది, నిండిన మూత్రాశయం దాన్ని ఇంకా మరుగుపరుస్తుంది. సాయంత్రం వంటింట్లో చేతికి తగిలే గడ్డ పొద్దున మంచం మీద కనబడకపోతే వింతేముంది? జారడాన్ని తేల్చేది డాక్టరు ముక్కమని చెప్పి చేసే పరీక్షే. ఎంత జారిందో సెంటీమీటర్లలో కొలిచే పద్ధతి 1996 నుంచీ ఉంది.

దీనికోసం వేరే అల్ట్రాసౌండ్ ఉన్న మాట నిజమే. మూత్రం పోసుకుని వచ్చాక, ప్రోబ్‌ను, అంటే స్కానింగ్ చేసే పరికరాన్ని, యోని ద్వారం బయట ఆనించి, ముక్కమంటూ చూస్తారు. కింద ఆనించే ఆ కండరం (లెవేటర్) ఎముక నుంచి ఊడిందా, ముక్కినప్పుడు దాని మధ్య ఖాళీ 25 చదరపు సెంటీమీటర్లు దాటిందా అన్నది అందులో బాగా తెలుస్తుంది. కానీ అదీ లిగమెంట్లను సరిగా పట్టుకోలేదు. అవి ప్రోబ్‌కు దూరంగా, లోతున, ఏటవాలుగా, చుట్టుపక్కల కణజాలం లాంటి బూడిద రంగులోనే ఉంటాయి. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర లాంటి కణజాలం బయట పెరిగే జబ్బు) పాకితే అవే లిగమెంట్లు యోని లోపల పెట్టే ప్రోబ్‌కు మందంగా, నల్లగా కనిపించవచ్చు, అది వేరే జబ్బు. జారినవాళ్లలో వాటి పొడవు, దిశ కొలవడానికి పరిశోధకులు ఎక్కువగా ఎంఆర్ఐనే నమ్ముకున్నారు. అల్ట్రాసౌండ్‌తో గట్టిదనం కొలిచే ప్రయత్నాలు ఇంకా పరిశోధన దాటలేదు.

సంచి తీసేస్తే తీరిపోతుందా? సాగిన ఆధారం అలాగే ఉంటుంది. తర్వాత యోని పైభాగమే జారవచ్చు. అందుకే ఆపరేషన్‌లో సంచి తీసినా, ఉంచినా, జారినదాన్ని పైకి కట్టాల్సిందే. తమాషా ఏమిటంటే, చాలామందిలో సర్జన్లు కుట్టు వేసి కట్టేది ఈ "తెగిన" లిగమెంట్లకే! గర్భసంచి ఆపరేషన్లలో మన రాష్ట్రం దేశంలో ముందు వరుసలో ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఈ మెసేజ్ ఇంకొందరిని అటు తోస్తుందేమోనని నా భయం. కటి కండరాల వ్యాయామంతో ఇబ్బంది తగ్గేవాళ్లున్నారు, జారకుండా యోనిలో పెట్టుకునే సిలికాన్ రింగ్‌తో నెట్టుకొచ్చేవాళ్లున్నారు. జారుడు ఇబ్బంది పెట్టకపోతే ఏమీ చేయకుండా ఉండటం కూడా వైద్యమే.

మెట్ల సంగతికొస్తే, అలిపిరి 3550 మెట్లు ఎక్కినంతమాత్రాన ఏదీ పుటుక్కున తెగదు. జారినవాళ్లకు ఆ రోజు కింద బరువుగా, లాగినట్టు అనిపించవచ్చు. పెద్దమ్మ మాత్రం బస్సులోనే పోతానంటోంది. మోకాళ్ల నొప్పులు.