సవరణ: వంతెన సెన్సర్‌కు సెకనుకు 10 రీడింగులు చాలవు

కర్నూలులో హంద్రీ నది మీదున్నలాంటి వంతెనలకు వైర్‌లెస్ యాక్సిలరోమీటర్ (కంపనాలను కొలిచే సెన్సర్) బిగిస్తే సెకనుకు 10 రీడింగులు సరిపోతాయని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. సిగ్నల్ ప్రాసెసింగ్ పాఠ్యపుస్తకాల్లో ఉన్న నియమం ప్రకారం ఆ వేగానికి అందులో సగం, అంటే 5 హెర్ట్జ్ (సెకనుకు 5 ఊపులు) లోపు కంపనాలే సరిగ్గా దొరుకుతాయి. స్పాన్ (రెండు స్తంభాల మధ్య భాగం) 6 హెర్ట్జ్ దగ్గర ఊగితే గ్రాఫులో 4 దగ్గర దొంగ శిఖరం లేస్తుంది. వంతెన బిగువు తగ్గితే నెమ్మదిగా ఊగుతుంది కాబట్టి, గట్టిగా ఉన్న వంతెన కాస్తా బలహీనపడినట్టు కనిపిస్తుంది! తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఎంత వడకట్టినా ఆ శిఖరం పోదు, రీడింగ్ తీయకముందే వేగమైన కంపనాలను ఆపే ఫిల్టర్ ఉండాలి. సెకనుకు 100 రీడింగులు పెట్టి, ఫిల్టర్‌ను 40 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. బ్యాటరీ గురించి బెంగ ఉంటే నోడ్‌ను (సెన్సర్ ఉన్న పెట్టెను) నిద్రలో ఉంచి, లారీ ఎక్కిన కుదుపుకు మేలుకునేలా థ్రెషోల్డ్ (కుదుపు హద్దు) పెట్టుకోవచ్చు. సెన్సర్‌ను ఎపాక్సీ జిగురుతో అంటించే పద్ధతి గురించి మొన్నటి పోస్టులో రాసినదాంట్లో మార్పేమీ లేదు.