కథలు టైం వేస్ట్ కాదండీ

చరిత్ర, రాజకీయాలు చదివితే చాలు, మతగ్రంథాలు, నవలలు టైం వేస్ట్ అని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మాది కావలి. మా నెల్లూరు తిక్కననే తీసుకోండి. మనుమసిద్ధి రాజు కొలువులో మంత్రి. భారతంలో 15 పర్వాలు తెలుగు చేసి, శివుడూ విష్ణువూ ఒక్కరేనని చెప్పే హరిహరనాథుడికి అంకితమిచ్చారు. ఆనాటి శైవ వైష్ణవ గొడవలు తెలియకపోతే ఆ అంకితం ఎంత పెద్ద విషయమో అర్థం కాదు. ఉద్యోగ పర్వంలో రాయబారాలు చదువుతుంటే రాజకీయం నడిపిన మనిషి చెయ్యి తెలుస్తుంది. ఇందులో మతం ఏది, రాజకీయం ఏది, కథ ఏది అని ఎలా విడదీస్తారు?

ఇంకా దగ్గరి సంగతి చెబుతాను. 1990ల మొదట్లో మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడుల్లో ఆడవాళ్లు చదివిన పాఠాల్లో సారా కొట్టు మూయించిన ఊరి కథ ఒకటి ఉండేది. దూబగుంట ఆడవాళ్లు ఆ పని నిజంగానే చేశారు. అది ఊరూరా పాకి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. కూలి డబ్బులు సారాకి పోతున్నాయని వాళ్లకు ముందే తెలుసు. అందరూ కలిసి వెళ్తే ఆపొచ్చని చూపింది ఆ కథే. దాన్ని టైం వేస్ట్ అనడానికి నాకు నోరు రాదు.

తర్వాతి వ్యాసంలో చరిత్ర పుస్తకాల లిస్టు ఇస్తామన్నారు కదా. పక్కనే నాలుగు నవలలు కూడా పెట్టండి, పిల్లలు చదువుతారు.